ఎండాకాలం చదువులు

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ సెలవుల్లో పదహారు పుస్తకాలు చదివానని జాబితా పంపావు, సంతోషం. కానీ రెండోసారి చదివింది అందులో ఒక్కటీ లేదు. మొదటిసారి ఏమవుతుందోనని కథ వెంట పరిగెడతాం. కథ కట్టిన తీరు కంటపడేది రెండోసారే, కథలు రాసే నీకు కావలసింది అదే.

గురజాడ కథ ‘దిద్దుబాటు’ తీసుకో, మహా అయితే అరగంటలో అయిపోతుంది. మొదటిసారి పెన్సిల్ పట్టకుండా సరదాగా చదివెయ్యి. రెండు రోజులాగి మళ్లీ పట్టుకున్నప్పుడు ఒక్కటే గుర్తుంచుకో: గోపాలరావు భార్య కమలిని మంచం కిందే ఉంది. ఆ గదిలో అతను ఆడే ప్రతి మాటా ఆమె చెవిన పడుతోంది. నౌకరు రాముడి మీద విసుక్కోవడం, ఉత్తరం చదివి బెంబేలెత్తడం, అన్నీ అప్పుడు వేరేగా వినిపిస్తాయి. పొద్దుపోయిందని రచయిత చెప్పడు, గడియారం ఒంటిగంట కొడుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చాడో గోపాలరావే తనలో తను అనుకుంటాడు.

నోటుబుక్కులో పేజీ నంబరు, పక్కన ఒక మాట, అంతే రాసుకో. బాగున్న వాక్యాలు ఎత్తిరాశావంటే నెల తిరిగేసరికి అవి నీ కథలో తేలతాయి, నీవే అనుకుంటావు కూడా. ఒకే రచయితవి మూడు పుస్తకాలు వరసగా చదివినా అదే తంటా, గొంతు అంటుకుంటుంది. మధ్యలో ఓ యాత్రా చరిత్రో వ్యాసాలో వేసుకో. యాభై పేజీలైనా పట్టు దొరకని పుస్తకం పక్కన పెట్టెయ్, పరీక్షలేం లేవుగా.

సంభాషణకి ‘కన్యాశుల్కం’. మనం చదివేది 1897 నాటి మొదటి కూర్పు కాదు, 1909లో బాగా పెంచి తిరగరాసింది. పేజీ ఎడమ అంచున కాగితం ముక్క అడ్డంపెట్టి పాత్రల పేర్లు మూసెయ్యి. పైకి చదువుతూ ఎవరి మాటో చెప్పు. గిరీశం, అగ్నిహోత్రావధాన్లు ఇట్టే దొరికిపోతారు. తర్వాత నీ కథకీ అదే చెయ్యి. అందరూ ఒకేలా మాట్లాడుతుంటే తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు.

అన్నట్టు, ‘దిద్దుబాటు’ 1910లో వచ్చినప్పుడు కథనం గ్రాంథికం, మాటలు వాడుక. మొత్తం వాడుకలోకి మార్చిన పాఠం కూడా అచ్చులో ఉంది. నీ దగ్గరున్నది ఏదో చూసి రాయి, రెండోది నేను పంపిస్తాను.