జవాబులు: నిజాం కానుక, లిబరేటర్ లెక్క

ప్రశ్న: నిజాం డబ్బిచ్చిన ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్ భారీ బాంబర్లనే నడిపిందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: లేదు. బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) వారి ఆ 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్‌కు తీసుకెళ్లినవి డీహెచ్-9ఎ విమానాలు. ఒకటే ఇంజను, ఇద్దరే మనుషులు. వాటి ఖర్చు మీర్ ఉస్మాన్ అలీఖాన్ భరించాడు కాబట్టి ప్రతి విమానం మీదా ఆయన కానుక అని రాయించారు. ఆ అక్టోబరు 21న ఒక్క దాడిలోనే ఏడు విమానాలు పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెన్‌హైమ్‌లు, తర్వాత మన దేశంలో వెంజియన్స్‌లు, మస్కిటోలు అనే ఒకటి రెండింజన్ల బాంబర్లు నడిపింది. నాలుగింజన్ల బాంబరు దాని చేతికి ఎన్నడూ రాలేదు. హైదరాబాద్ పేరే ఉన్న 152, 253 స్క్వాడ్రన్లవి ఫైటర్లు.

ప్రశ్న: బెంగాల్ నుంచి లిబరేటర్లు (నాలుగింజన్ల అమెరికన్ బాంబర్లు) మలయాలోని పెనాంగ్ రేవు దాకా పోయి, నీళ్లలో మైన్లు వేసి, ఎక్కడా దిగకుండా తిరిగొచ్చాయని చదివాను. అంత పెట్రోలు ఎట్లా సరిపోయింది?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: ఆ పని చేసింది మిడ్నపూర్ జిల్లా దిగ్రిలో ఉన్న 159వ స్క్వాడ్రన్, 1944 అక్టోబరులో. రానుపోను 3,000 మైళ్లకు పైమాటే.

లెక్క చూడండి. ఖాళీ లిబరేటర్ బరువు సుమారు 16.5 టన్నులు. గాల్లోకి లేచేటప్పుడు మామూలుగా 29.5 టన్నులు మించనిచ్చేవారు కాదు. మిగిలిన 13 టన్నుల్లో రెక్కల్లోని ప్రధాన ట్యాంకుల పెట్రోలే దాదాపు 8,950 లీటర్లు, అంటే 6.4 టన్నులు. మనుషులు, తుపాకులు, తూటాలు, ఆయిలు పోను బాంబులకు దక్కేది నాలుగు టన్నుల చిల్లర. గంటకు 760 లీటర్లు తాగితే ఆ పెట్రోలు పన్నెండు గంటలు కూడా రాదు. బాంబుల గదిలో అదనపు ట్యాంకులు పెట్టొచ్చు గానీ, పెట్టినంత మేర బాంబులకు చోటు పోతుంది.

అందుకని దళాధిపతి వింగ్ కమాండర్ బ్లాక్‌బర్న్ పెట్రోలు వాడకం మీదే పడ్డాడు. వెయ్యి మైళ్ల అవతలి లక్ష్యానికి 3,000 పౌండ్లే మోయగలదనుకున్న విమానం ఆయన లెక్కలతో 8,000 పౌండ్లు మోసింది. ధైర్యం అందరికీ ఉంది. నా దృష్టిలో ఈ దళం గొప్పంతా ఈ లెక్కలోనే ఉంది.

పెట్రోలు పొదుపుకు సూత్రం ఇది: ఇంజను చుట్లు తగ్గించాలి, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గించి పలచన చేయాలి, ఇంజను చల్లబడేందుకు దాని చుట్టూ ఉండే గాలి తలుపులను వీలైనంత మూసి ఉంచాలి. ట్యాంకులు ఖాళీ అవుతూ బరువు తగ్గేకొద్దీ వేగమూ, పవరూ తగ్గించుకుంటూ రావాలి. తప్పేది కూడా ఇక్కడే. మిశ్రమం మరీ పలచనైతే సిలిండర్ తల కాగిపోయి ఇంజను కొట్టుకుంటుంది. వేగం మరీ తగ్గితే సన్నటి రెక్కల లిబరేటర్ ముక్కు పైకెత్తి ఈడుస్తుంది, మిగిల్చిందంతా అక్కడే ఖర్చు.

ఇంకో గండం ట్యాంకు నుంచి ట్యాంకుకు పెట్రోలు మార్చడం. ఆవిరి బాంబుల గదిలో చేరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ గది తలుపులు దుకాణం షట్టర్ మాదిరి పక్కకు చుట్టుకుంటాయి. వాటిని కాస్త తెరిచి గాలి ఆడనిచ్చేవారు.

ఎండనూ మరవకూడదు. 15 డిగ్రీలప్పటి గాలితో పోలిస్తే మన పాలమూరు మే నెల 42 డిగ్రీల్లో గాలి ఎనిమిదిన్నర శాతం పలచన. నిండు బరువుతో లేవాలంటే రన్‌వే మీద అంతకంటే ఎక్కువ శాతమే అదనంగా పరుగెత్తాలి.

ప్రశ్న: మన వైమానిక దళానికి ఇలాంటివి ఉండేవా?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఉండేవి. యుద్ధం అయిపోగానే బ్రిటిష్ వాళ్లు కాన్పూరులో లిబరేటర్లను పాడుచేసి వదిలేశారు. బెంగళూరులోని విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వాటిలో నలభైకి పైగా విమానాలకు ప్రాణం పోసింది. కాన్పూరు నుంచి బెంగళూరుకు తోలుకుపోయిన జంషెడ్ మున్షీ అంతకుముందు ఆ రకం నడిపినవాడు కాదు. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. సముద్రం మీద నిఘాకు 6వ స్క్వాడ్రన్ వాడింది. 1968తో సెలవు. బ్రిటన్ ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్ మన దళంలో ఎగిరినదే, 1974లో ఇచ్చేశారు.