హైస్కూల్ సాకర్ జట్టు రాష్ట్ర విజయానికి టెక్సస్ శాసనసభ తీర్మానం: మా అనుభవం

మీ అబ్బాయి చదివే హైస్కూల్ సాకర్ జట్టు 2026 ఏప్రిల్‌లో టెక్సస్ రాష్ట్ర ఛాంపియన్ అయిందని, శాసనసభ నుంచి అధికారిక గుర్తింపు ఎలా వస్తుందో, దానికోసం తల్లిదండ్రులు తిరగడం అవసరమా అని అడిగారు. ముందుగా మీ అబ్బాయికి, జట్టు మొత్తానికి నా అభినందనలు. మా అమ్మాయి ఆడిన జట్టు 2023లో గెలిచినప్పుడు ఆ పని చూసుకున్న తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణి. తప్పకుండా ప్రయత్నించమనే నేను చెబుతాను.

మీకు రాబోయేది చట్టం కాదు, అభినందన తీర్మానం. దీన్ని ఒక్క సభ ఆమోదిస్తే చాలు, గవర్నరు సంతకం అక్కర్లేదు. మీ స్కూలు ఏ నియోజకవర్గంలో ఉందో అక్కడి సభ్యుడే సాధారణంగా దాన్ని ప్రవేశపెడతారు. శాసనసభలో రెండు సభలున్నాయి, ప్రతినిధుల సభలో 150 మంది, సెనేట్‌లో 31 మంది ఉంటారు. ఒక్కో సభ నుంచి ఒకరు చొప్పున మీ ప్రాంతానికి ఇద్దరు ఉంటారు. ఎవరి కార్యాలయాన్ని అడిగినా ఫరవాలేదు. అయితే టెక్సస్ శాసనసభ సాధారణ సమావేశాలు రెండేళ్లకు ఒకసారి, బేసి సంవత్సరాల్లో, జనవరి రెండో మంగళవారం మొదలై గరిష్ఠంగా 140 రోజులు మాత్రమే జరుగుతాయి. మా పిల్లలు ఏప్రిల్‌లో గెలిచేటప్పటికి సభ నడుస్తోంది, మే 29తో ముగిసింది, కాబట్టి మేము పరుగులు పెట్టవలసి వచ్చింది. మీకు 2027 జనవరి 12 వరకు వ్యవధి ఉంది. గత ఏడాది విజయానికి కూడా తీర్మానం చేస్తారు, అందుకు అభ్యంతరం ఉండదు.

ప్రతినిధి సిబ్బంది మిమ్మల్ని అడిగేది ప్రధానంగా సమాచారం: ఫైనల్ ఎక్కడ, ఏ తేదీన జరిగింది, స్కోరు ఎంత, సీజన్‌లో ఎన్ని గెలిచారు, గోల్స్ ఎవరు చేశారు, కోచ్‌లు ఎవరు, ఆటగాళ్ల పేర్లు ఏమిటి. దాని నుంచి ముసాయిదా తయారవుతుంది. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పేరా, చివర సభ అభినందిస్తున్నదన్న వాక్యం. ఇక్కడే నేను మిమ్మల్ని కాస్త ఆపి చెప్పదలచుకున్నది ఉంది.

మా జట్టు పేర్లు స్కూలు రికార్డుల నుంచి వెళ్లాయి. ఈమెయిల్‌లో ముసాయిదా వచ్చిన రాత్రి నేను ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదువుతుంటే, మా అమ్మాయి పేరు ఉండవలసిన చోట ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరం, దాని తర్వాత మా ఇంటిపేరు కనిపించాయి. ‘శ్రీ’ తర్వాత వచ్చే మాటను మధ్య పేరు అనుకుని తీసేశారు. మా అమ్మాయి పక్కనుంచి చూసి, “వదిలెయ్ నాన్నా, మైదానంలో అందరూ నన్ను శ్రీ అనే పిలుస్తారు” అంది. కానీ తీసేసిన ఆ మాట మా అమ్మ పేరు. ఆమె తెనాలిలో కూర్చుని మనవరాలి ఆట వీడియోలు అర్ధరాత్రి దాకా చూసింది. ఆ జాబితాను మళ్లీ మొదటినుంచి చూస్తే, సీజన్ మధ్యలో మోకాలి గాయంతో ఆగిపోయిన ఇద్దరమ్మాయిల పేర్లు కూడా లేవు. మర్నాడే రాశాం, వాళ్లు ఏ మాత్రం విసుక్కోకుండా మూడూ సరిచేశారు. ఆమోదం పొందిన తీర్మానం శాసనసభ వెబ్‌సైటులో నంబరుతో సహా శాశ్వతంగా ఉంటుంది, ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. అందుకే మన పిల్లల పేర్లు ఎలా విడిపోయాయో, ఇంటిపేరు ముందుకు వచ్చిందో వెనక్కి వెళ్లిందో, బెంచీ మీద కూర్చున్నవాళ్లు, సామగ్రి చూసుకున్న విద్యార్థులు అందులో ఉన్నారో లేదో మీరే చూడాలి.

మరో మాట. చాలా అభినందన తీర్మానాలను ఒకే రోజు ఒక జాబితాగా కలిపి, చదవకుండానే ఆమోదిస్తారు. పిల్లలు ఆస్టిన్ వెళ్లి స్వయంగా వినాలనుకుంటే, సభలో చదివే తేదీ కావాలని ముందే అడగాలి. మాకు ఆ తేదీ దొరికింది. మూడో అంతస్తులోని గ్యాలరీలో పిల్లలు వరుసగా నిలబడ్డారు, కింద క్లర్కు పేర్లు చదివాడు, మా అమ్మాయి పేరు పూర్తిగా చదివేటప్పుడు కొంచెం తడబడి, ఆగి, మళ్లీ సరిగా పలికాడు. సభ్యులు తలలెత్తి పైకి చూస్తూ చప్పట్లు కొట్టారు. తర్వాత సభ్యులందరి పేర్లూ తీర్మానానికి చేర్చాలని ఒకరు ప్రతిపాదించగా సభ అంగీకరించింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటి దగ్గర బంధువులు మొదట అడిగేది అదే. బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2022లో తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్లు, ఇంటి స్థలం ప్రకటించిన వార్త చూసినవాళ్లకు ఇక్కడ ఏమీ ఇవ్వరంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇక్కడ హైస్కూల్ పోటీలు నడిపే యూఐఎల్ నియమాల ప్రకారం ఆడినందుకు విలువైన ప్రతిఫలం తీసుకుంటే విద్యార్థి అర్హతకే ముప్పు రావచ్చు. అందుచేత మన సంఘాలు సన్మానం చేసి బహుమతి ఇస్తామంటే, ముందు కోచ్‌ను అడగండి. తీర్మానం అధికారిక ప్రతికి ఆ చిక్కు లేదు. ఒక ప్రతి స్కూల్లో ట్రోఫీ పక్కన ఉంది, ఒక నకలు మా అమ్మ దగ్గర ఉంది.

సభ మొదలయ్యేదాకా ఊరుకోకుండా, సిటీ కౌన్సిల్‌లో మేయరు ప్రకటనకు, స్కూల్ బోర్డు సమావేశంలో గుర్తింపుకు ఇప్పుడే అడగండి. ఇవి నెలా రెండు నెలల్లో జరిగిపోతాయి. జనవరి నాటికి మీ జట్టులోని సీనియర్లు కాలేజీలకు వెళ్లి ఉంటారు, స్కూలు ఈమెయిళ్లు పనిచేయకపోవచ్చు. వాళ్ల ఫోన్ నంబర్లు, పేర్లు పూర్తిగా ఎలా రాయాలో వాళ్ల చేతనే రాయించుకున్న కాగితం, ఈ వేసవిలోనే తీసుకుని దగ్గర పెట్టుకోండి.