బీడుపడిన చేలో మళ్లీ అడవి పెంచాలంటే

ప్రశ్న: మా రెండెకరాల చేలో సాగు మానేసి ఆరేళ్లయింది. నడుమెత్తు గడ్డి పెరిగింది. స్థానిక చెట్లతో అడవిగా మార్చాలనుకుంటున్నాం. ఎన్ని మొక్కలు తెచ్చుకోవాలి?

జవాబు: ముందు ఆ గడ్డిలో ఏముందో చూసి, తర్వాత మొక్కల లెక్క వేయండి. ఐదు మీటర్ల తాడును మేకుకు కట్టి చుట్టూ తిరగండి. ఆ వలయంలో ఉన్న చెట్లు, అరమీటరు దాటిన పిల్లచెట్లు, పిలకలు వేస్తున్న మోళ్లు అన్నీ లెక్కపెట్టండి. చేలో పదిచోట్ల ఇలా చేసి సగటు తీయండి. వలయానికి 25 దాకా ఉండి, అవి కూడా రకరకాల జాతులైతే నాటాల్సిన పని దాదాపు ఉండదు. పశువులూ నిప్పూ రాకుండా కాపాడి, వాటి చుట్టూ గడ్డి లేకుండా చూస్తే చాలు.

ఇది చిన్న విషయం కాదు. నైజర్ దేశంలో 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు రైతులతో చేయించింది దాదాపు ఇదే. నేల కింద బతికున్న మొదళ్ల నుంచి లేచిన పిలకల్లో గట్టివి ఉంచి, మిగతావి కోసేయించారు. అక్కడ లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి.

25కు తగ్గితే ఆ లోటు వరకే నాటండి. వలయానికి 25 అంటే చెట్టుకూ చెట్టుకూ సుమారు 1.8 మీటర్ల ఎడం, ఎకరానికి దాదాపు 1,250 మొక్కలు. మీ సగటు 10 అయితే ఎకరానికి 500 ఇప్పటికే ఉన్నట్టు, తెచ్చుకోవాల్సినవి 750.

ఒక జాగ్రత్త. ఆ నేల సాగుకు ముందు అడవేనా, సహజమైన పచ్చికబయలా అన్నది ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. పచ్చికబయలైతే అక్కడ చెట్లు నాటకండి. దాన్నే నమ్ముకుని బతికే పక్షులూ జంతువులూ వేరే ఉంటాయి.

ప్రశ్న: వానల్లో నాటినవి బాగానే పట్టాయి కానీ ఎండలకు సగం పోయాయి. నీళ్లు పోసినా నిలవలేదు. ఎందుకు?

జవాబు: ఎండిన మొక్కల్ని ఓ పది పీకి వేళ్లు చూడండి. కారణం సాధారణంగా అక్కడే కనబడుతుంది.

వేళ్లు ఇంకా సంచి ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉంటే, ఆ మొక్క నర్సరీ సంచిలో ఉండాల్సినదానికన్నా ఎక్కువకాలం ఉందన్నమాట. చుట్టుకున్న వేళ్లు నాటేటప్పుడే కత్తిరించాలి. లేకపోతే అవి కిందికి దిగవు. ఆ మొక్క మొదట బతికినా పెద్దయ్యాక గాలికి పడుతుంది. ముప్పై నుంచి యాభై సెంటీమీటర్ల ఎత్తు మొక్కలు చాలు. మీటరెత్తు మొక్కలు చూడ్డానికి బాగుంటాయి కానీ వాటి వేళ్లు ఆ ఎత్తుకు సరిపోవు.

వేరు కొంత లోతుకు దిగి, అక్కడి నుంచి అడ్డంగా తిరిగితే అది నాగలి గట్టిపొర. ఏళ్ల తరబడి ఒకే లోతున దున్నడం, ట్రాక్టరు బరువు కలిసి దాన్ని తయారుచేస్తాయి. ముప్పై సెంటీమీటర్ల గుంత తీశాక అడుగున గునపంతో ఆ పొరను పగలగొట్టండి. బంకమట్టి నేలల్లో గుంత గోడలు పార తగిలి నున్నగా గచ్చులా అవుతాయి. వాటినీ గునపంతో గీరాలి.

వేళ్లు బాగానే ఉన్నాయా? అయితే గడ్డిదే తప్పు. మీరు పోసిన నీళ్లు ముందు తాగేది పైపొరనిండా అల్లుకున్న గడ్డివేళ్లే. ఎరువు వేసినా అంతే. మొక్క చుట్టూ అరమీటరు మేర గడ్డిని వేళ్లతో సహా తీయండి. మొదలు దగ్గర పార పెట్టకుండా చేత్తో పీకండి. తీసిన గడ్డినే ఐదు నుంచి పది సెంటీమీటర్ల మందాన పాదులో కప్పండి. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, తగిలితే మొదలు కుళ్లుతుంది. ఒక వానాకాలంలో మూడుసార్లు, వరుసగా రెండు వానాకాలాలు ఇది చేయాలి. డబ్బూ మనుషులూ తక్కువైతే నాటే మొక్కలు తగ్గించుకోండి కానీ కలుపుతీత తగ్గించకండి.

దర్భలాంటి గడ్డి ఉంటే కోయడం, కాల్చడం రెండూ నష్టమే. భూమిలోని దుంపకాడల నుంచి మళ్లీ లేస్తుంది. వరసల మధ్య దాన్ని చెక్కపలకతో తొక్కి, వంచి పడుకోబెట్టండి. కాడ తెగకుండా వంగితే త్వరగా లేవదు, కింది గడ్డికి నీడ పడుతుంది.

నాటే రోజు కూడా ముఖ్యమే. వానలు నిలకడగా పట్టి, మట్టి గుంత అడుగుదాకా తడిశాక నాటండి. వానాకాలం చివర్లో నాటితే వేళ్లు దిగేలోపే నేల ఆరిపోతుంది.

ప్రశ్న: త్వరగా పెరిగే ఒకే రకం మొక్కలు వేస్తే సరిపోదా?

జవాబు: అది తోట అవుతుంది. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయంలో 1994లో మొదలైన అటవీ పునరుద్ధరణ పరిశోధన విభాగం ఇరవై, ముప్పై స్థానిక జాతుల్ని కలిపి నాటిస్తుంది. ఈ పద్ధతి పుట్టింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో. గొడుగులా విచ్చుకుని గడ్డిని చంపేవి, చిన్న వయసులోనే పండ్లిచ్చి పక్షుల్ని పిలిచేవి, నిప్పు తగిలినా మళ్లీ చిగిర్చేవి చూసి ఎంచుకుంటారు. మర్రి, రావి, మేడి జాతుల్లో స్థానికమైనవి తప్పక ఉండాలి.

స్థానిక మొక్కల్ని బాగా దగ్గరదగ్గరగా నాటే మియావాకి పద్ధతి చిన్న స్థలానికి బాగుంటుంది. చదరపు మీటరుకు మూడు మొక్కలంటే ఎకరానికి పన్నెండు వేలు కావాలి. విశాలమైన చేనుకు అంత పెట్టుబడి నా దృష్టిలో అనవసరం.

ప్రశ్న: అడవి విత్తనాలు సరిగ్గా మొలవవు. ఏం చేయాలి?

జవాబు: ముందు పది గింజలు కోసి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా నిండుగా లేకపోతే ఎన్ని నీళ్లు పోసినా మొలవవు. పండు గుజ్జు పూర్తిగా కడిగేయాలి. గుజ్జు మొలకను ఆపుతుంది, బూజునూ తెస్తుంది.

చిక్కుడు కుటుంబపు చెట్ల గింజలకు పెంకు గట్టిది. నీళ్లు మరిగించి, పొయ్యి దించాక గింజలు వేసి రాత్రంతా వదలండి. ఉబ్బినవి వెంటనే విత్తండి. ఉబ్బనివాటికి పెంకు ఓ పక్క కొద్దిగా గీకండి. తేమగా, పెద్దగా ఉండే గింజల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ఎండబెడితే చస్తాయి, రాలిన కొద్దిరోజుల్లోనే విత్తాలి. మర్రి, రావి గింజలు మట్టితో కప్పకుండా పైన చల్లాలి.

ఒకే చెట్టు కింద ఏరడం సులువు కానీ అలా వచ్చిన మొక్కలన్నీ తోబుట్టువులే. వీలైతే పాతిక తల్లిచెట్లనుంచి, సముద్రమట్టానికి మీ చేను ఉన్నంత ఎత్తులోనే ఉన్న అడవి నుంచి తీసుకోండి.

ప్రశ్న: మా బడి పిల్లలు ఏటా ఒకరోజు మొక్కలు నాటి ఫొటో దిగుతారు. అంతకు మించి ఏం నేర్పవచ్చు?

జవాబు: కొలవడం నేర్పండి. రెండు వైపులా తెరిచిన డబ్బాను ఐదు సెంటీమీటర్లు నేలలోకి దించి, అరలీటరు నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకాయో రాయించండి. ఒకటి బీడులో, ఒకటి ముదురు చెట్టు కింద. రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే అడవి నేలకు ఏం చేస్తుందో పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

తల్లిచెట్లకు నంబర్లిచ్చి, పదిహేను రోజులకోసారి పూత, కాయ ఎంతుందో 0 నుంచి 4 వరకు మార్కులు వేయించండి. ఏడాది తిరిగేసరికి అదే మీ నర్సరీకి విత్తన సేకరణ క్యాలెండర్ అవుతుంది.

జాతికి 50 మొక్కల చొప్పున నంబరు రాసిన పుల్లలు పక్కన గుచ్చండి. నాటిన రెండు వారాల్లో ఎత్తు, మొదలు మందం కొలిచి, ఆపై ప్రతి వానాకాలం చివర కొలవాలి. చచ్చిన మొక్కల్ని దాచి కొత్తవి పెట్టకండి. పిల్లలతోనే వాటిని పీకించి, ఎందుకు పోయిందో రాయించండి. పై తరగతికి వెళ్లేవాళ్లు ఆ పుస్తకం కింది తరగతికి అప్పగించాలి.

ప్రశ్న: ఎప్పటికి మన పని అయిపోయినట్టు?

జవాబు: మూడో వానాకాలం చివర అదే తాడుతో, అవే పది వలయాల్లో లెక్కపెట్టండి. కొమ్మలు కలిసి, కింద గడ్డి పలచబడి ఉంటే కలుపుతీత ఆపవచ్చు. అప్పటిదాకా చేను చుట్టూ ఆరేడు మీటర్ల ఫైర్‌లైన్, అంటే నిప్పు దాటకుండా గడ్డి తీసేసిన ఖాళీ పట్టీ, ఏటా ఎండలకు ముందే చెక్కించాలి. మీరు నాటని జాతుల మొలకలు కనిపిస్తే విడిగా రాసుకోండి, అవి చాలావరకు పక్షులూ గబ్బిలాలూ తెచ్చినవి. వాటిపై కాలు పడకుండా, చేలో నడవడానికి ఒకటే కాలిబాట ఉంచండి.