ఒడిశాలోని గుణుపురం సభ్యుడి ఒడియా చదువు ప్రశ్నకు సమాధానం

ఒడియా మాట్లాడటం వచ్చినా బస్సు బోర్డు చదవలేకపోతున్నానని, మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశానని రాశారు. లోపం మీ తెలివిలో లేదు, ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోవడంలో ఉంది. మిగతా ఆరు రోజుల్లో నేర్చుకున్నది చెదిరిపోతుంది.

రోజుకు 25 నిమిషాలు చాలు, కానీ రోజూ. ముందు 5 నిమిషాలు నిన్నటి అక్షరాలు చూడకుండా రాయండి. తప్పినవే మళ్లీ దిద్దాలి. కొత్తవి మూడుకు మించొద్దు. ప, ష, య మాత్రం ఒకే రోజు వద్దు. ఒడియాలో వాటి ఆకారాలు దగ్గరగా ఉంటాయి, కలగాపులగమవుతాయి.

మన తెలుగువాళ్లు అసలు తడబడేది గుణింతాల్లో. మన ఏత్వం అక్షరం నెత్తిన ఉంటుంది. ఒడియాలో అది అక్షరానికి ఎడమపక్కన, ముందే వస్తుంది. ఓత్వమైతే రెండు పక్కలా. కన్ను అక్కడే ఆగిపోతుంది కాబట్టి దీనికి రెండు వారాలు కేటాయించండి, తొందరపడకండి. హ్రస్వ ఎ, ఒ లకు వేరే గుర్తులు లేకపోవడం కొంత ఊరట.

ఇంకొకటి: ఇల్లు అనే మాటకు రాసేది 'ఘర', వినిపించేది 'ఘొరొ'. మీకు మాట వచ్చు కాబట్టి పైకి చదివితే పదం దానంతటదే తగులుతుంది.

ఆరో వారం నుంచి 'సమాజ' అనే ఒడియా దినపత్రికలో రోజుకో శీర్షిక చదివి, మూసి, చూడకుండా రాయండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి, అదే 25 నిమిషాలు. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు సాధారణంగా ఏడో తరగతి స్థాయి ఒడియా అడుగుతారు, అందుకే రాత వదలొద్దు.