కట్ట గుట్టను కలిసే మూలలో ఊట

ప్రశ్న: మా చెరువు కట్ట ఒక కొన గుట్ట బండకు ఆని ఉంటుంది. చెరువు నిండితే సరిగ్గా ఆ మూలనే కట్ట వెనుక నీళ్లు ఊరుతున్నాయి. ప్రమాదమా?
– ఒక రైతు, నర్సంపేట మండలం

జవాబు: ఊటనీళ్లను గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున మట్టి పేరితే నీళ్లు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టే. అది బుంగ, అంటే కట్టలో నీళ్లు తొలిచిన దారి. అదే రోజు నీటిపారుదల ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) చెప్పాలి. తేటగా ఉంటే కంగారు లేదు గానీ, 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో వారానికోసారి చూసి, చెరువు మట్టంతో పాటు రాసుకోండి. మట్టం పెరగకుండా ఊట పెరిగిందంటే అనుమానించాల్సిందే.

బండ కదలదు. మట్టి కుంగుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ రెంటి మధ్య సందు పడుతుంది. కట్ట పోసేనాడు బండ మీది వేర్లు, వదులు మట్టి గీకకపోతే సందు మొదటినుంచే ఉన్నట్టు.

ఊట దగ్గర బంకమట్టి కూరడం ఊళ్లలో మామూలు. నీళ్లు ఆగవు, ఇంకోచోట తేలతాయి. వెనుకవైపు నీటిని పోనిచ్చి మట్టిని ఆపాలి: ముందు ముతక ఇసుక జానెడు, దానిమీద సన్న కంకర జానెడు, ఆపైన రాళ్లు. వరుస మారితే మట్టి కంకర సందుల్లోంచి జారిపోతుంది.

అసలు మరమ్మతు ఎండాకాలంలో, చెరువు లోపలివైపు, ఏఈ కొలతలతోనే. సొంతంగా తవ్వొద్దు. ఆ మూలలో బండ తేలేదాకా తవ్వి, గీకి, కడిగి, చెమ్మమట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి కొట్టాలి. రోలర్ అక్కడికి చేరదు, దిమ్మిస (చేత్తో మట్టిని కొట్టి గట్టిపరిచే బరువు) పట్టాల్సిందే. పిడికిట పడితే ముద్ద కావాలి, చేతికి అంటొద్దు. వట్టి నల్లరేగడి వద్దు, ఎర్రమట్టి కలపాలి. దగ్గర్లో తుమ్మచెట్టు ఉంటే కొట్టేసి ఊరుకోకండి. వేరు కుళ్లి గొట్టంలా మిగులుతుంది. తవ్వి తీసి గుంత పూడ్చాలి.

ప్రశ్న: పాకాల కట్ట ఆ చెరువుకు చిన్నదనిపిస్తుంది. అన్ని నీళ్లు ఎలా ఆగుతున్నాయి?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆపేది ఎక్కువగా గుట్టలే. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, గుట్టల నడుమ నీళ్లు బయటికి పోయే సందు చూసి కట్ట పోశారు. లక్నవరం చెరువులోనూ గుట్టల సందులను పొట్టి కట్టలతో మూసిందే. వెళ్లినప్పుడు కట్ట నడుమ ఫొటోలు దిగి తిరిగిరాకండి, గుట్టను తాకే కొన దాకా నడవండి.

మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) మీద ఇసుకబస్తాలు పేర్చి అడుగు నీళ్లు ఎక్కువ ఆపే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ అడుగు కట్ట పైన వరద కోసం వదిలిన ఖాళీలోంచి తగ్గిపోతుంది. మట్టికట్ట మీదుగా నీళ్లు దుంకితే గంటల్లో గండి పడుతుంది.