వాయూలు వానలతో ముడిపెట్టే నక్షత్రాలు మన దగ్గర కనిపిస్తాయా? ఎప్పుడు చూడాలి?

శుభ్రంగా కనిపిస్తాయి. వాయూలు దక్షిణ అమెరికా ఆదివాసులు, వాళ్ల భాష అరవాక్ కుటుంబానిది. వాళ్లు ఉండేది కొలంబియా, వెనిజులాల మధ్య గ్వాహీరా ద్వీపకల్పంలో. అది సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం, మన చిత్తూరు 13. ఆకాశం దాదాపు ఒకటే, తేదీలూ అవే.

కృత్తికలతో మొదలుపెట్టండి. మన పల్లెల్లో పిల్లలకోడి అనే గుంపే వాళ్ల ‘ఈవా’. ఏప్రిల్, మే నెలల్లో పడే చిన్న వానల్నీ అదే పేరుతో పిలుస్తారు. ఏప్రిల్ 15 ప్రాంతంలో, పొద్దు గుంకిన 55 నిమిషాలకి పడమర చూడండి. దిగంతం నుంచి 20 డిగ్రీల ఎత్తులో, అంటే చెయ్యి చాపితే రెండు పిడికిళ్ల మీద గుంపు ఉంటుంది. నెలాఖరుకి అదే వేళకి ఒక్క పిడికిలి ఎత్తు కూడా ఉండదు. మే మొదటి వారంలో సంధ్యవెలుగులో కలిసిపోయి, సుమారు జూన్ రెండో వారానికి తెల్లవారుజామున తూర్పున తేలుతుంది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కృత్తిక కార్తె కదా అని మే 11 తర్వాత వెతుకుతారు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న రోజులు, అప్పుడు గుంపు కనపడనే కనపడదు. ఇంకో చిక్కు, అందులో అన్నిటికన్నా మెరిసే చుక్క ప్రకాశమే 2.9 (ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). దిగంతం దగ్గర దుమ్ము, పట్నం దీపాలు ఉంటే వారం ముందే మాయమవుతుంది. బైనాక్యులర్ ఉంటే 7x50 (7 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మి.మీ.) చాలు, సూర్యుడు పూర్తిగా అస్తమించాకే ఎత్తండి.

రెండోది స్వాతి. వాయూలకి వాన అంటే హుయా అనే పురుషుడు, వేటగాడు. ఎండకీ కరువుకీ పులోవి, అతని భార్య. స్వాతిని ‘హుయోఉ’ అంటారు, హుయా కన్ను. పెద్ద వానలు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. మేకలు, గొర్రెల మేపు, వాననీటి చెరువులు, మొక్కజొన్న, బొబ్బర్లు అన్నీ వాటి మీదే. అక్టోబరు మొదట్లో పొద్దుగూకాక పడమటి దిక్కున స్వాతి కిందికి దిగుతూ కనిపిస్తుంది. మన స్వాతి కార్తె అక్టోబరు 24 ప్రాంతంలో మొదలవుతుంది. స్వాతి చినుకు సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండు చోట్లా ఒకే చుక్కకి వాన తగులుకోవడం నాకైతే ముచ్చటగా ఉంటుంది, అంతకుమించి చుట్టరికం కలపొద్దు.

స్టెల్లేరియంలో (కంప్యూటర్లో ఆకాశం చూపే సాఫ్ట్‌వేర్) చూసేవాళ్లు ఊరు రియోఆచా (గ్వాహీరాలోని పట్నం) పెట్టుకోండి. అందులో ఉన్న ‘లోకోనో’ నక్షత్ర బొమ్మల్ని మాత్రం వాయూలకి అంటగట్టకండి. లోకోనోలదీ అరవాక్ కుటుంబమే, కానీ వాళ్లు గయానా, సురినామ్ అడవుల వైపు ఉంటారు, వాళ్ల లెక్కలు వేరు.