ఇంటర్న్‌షిప్‌కు బయలుదేరుతున్న మా చెల్లెలి కూతురికి

చిత్తూరు

పాపా,

నీకు బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదని, "నాకు జావా ప్రోగ్రామింగ్ అంతంత మాత్రం, ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే నోరు పెగలదు, అక్కడ ఎట్లా నెగ్గుకొస్తాను" అని టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. ఫోన్‌లో మాట్లాడితే సగం మర్చిపోతావు. రాసి పంపితే అక్కడ అవసరమైనప్పుడు తీసి చూసుకుంటావని ఇదంతా రాస్తున్నా.

ఇన్నేళ్లలో మా టీముల్లోకి వచ్చిన ఇంటర్న్‌లను దగ్గరుండి చూసినదాన్ని. బాగా కోడ్ రాయగలిగీ వెనకబడిపోయినవాళ్లున్నారు. అంతంత మాత్రం వచ్చి చేరి, ఆఖర్న ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కువగా ఒక్క చోటే కనిపించింది. పని ఆగిపోయినప్పుడు ఆ సంగతి ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా చెప్పారు అన్నదే. నీకు అన్నీ వచ్చి ఉండాలని అక్కడ ఎవరూ అనుకోరు. ఇంటర్న్ అంటేనే నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. కానీ నీ పని ఎంతవరకు వచ్చిందో అడక్కుండానే తెలియాలని మాత్రం అందరూ కోరుకుంటారు.

ఒకసారి మా టీములో చేరిన అబ్బాయి, చాలా తెలివైనవాడు, తన లాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ రన్ కాకపోతే వారమంతా ఎవరికీ చెప్పకుండా దాంతోనే కుస్తీ పట్టాడు. చూస్తే అతని లాగిన్‌కు డేటాబేస్ పర్మిషన్ ఇవ్వలేదు, అంతే. ఇవ్వాల్సినది మేము, అతని తప్పు ఏమీ లేదు. అడిగి ఉంటే రెండు నిమిషాల పని. మొదటి వారంలో నీకూ ఇట్లాంటివే ఎదురవుతాయి: ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి వాడే వీపీఎన్ కనెక్ట్ కాదు, ఏదో గ్రూపులో నీ పేరు చేర్చి ఉండరు, సెటప్ కాగితంలో రాసింది పాతబడిపోయి ఉంటుంది. ఇవి నీకు రాకపోవడం వల్ల వచ్చేవి కావు. అనుమానం వచ్చిన రోజే అడుగు. ఆ సెటప్ కాగితంలో పాతబడింది ఏదో కనిపిస్తే సరిచేసి పంపు. కొత్తగా చేరిన మనిషి మొదటి వారంలోనే చేయగల నిజమైన సాయం అది, నీ తర్వాత వచ్చేవాళ్లు నీకు దండం పెడతారు.

అడగడంలో కూడా పద్ధతి ఉంది. "అక్కా, రావట్లేదు" అని మెసేజ్ పెడితే అవతలి మనిషి ఏం చేస్తుంది? తన పని ఆపి, ఏం రావట్లేదు, ఎక్కడ, ఎప్పట్నుంచి అని పది ప్రశ్నలు వేయాలి. దాని బదులు ఇట్లా రాసి చూడు: "బుకింగ్ పేజీలో తేదీ మారిస్తే ధర మారడం లేదు. బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రర్ ఏమీ లేదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే సర్వర్ నుంచి కొత్త ధర వస్తూనే ఉంది. కాబట్టి సమస్య స్క్రీన్ వైపే ఉందనుకుంటున్నా. ధర చూపించే ఫైలు తెరిచి చూస్తున్నా, సరైన చోటే వెతుకుతున్నానా?" ఇది చదివినవాళ్లు ఒక్క వాక్యంలో జవాబిస్తారు. పైగా నువ్వు ఎట్లా ఆలోచిస్తావో వాళ్లకు తెలిసిపోతుంది. ఇట్లా రాయడం మొదలుపెట్టాక సగం ప్రశ్నలకు పంపకముందే నీకే జవాబు దొరుకుతుంది, చూస్తూ ఉండు. ముందు నీ అంతట నువ్వు ఓ గంట ప్రయత్నించు. గంట దాటినా దారి దొరక్కపోతే మొహమాటం పక్కన పెట్టి అడిగెయ్. అదే ప్రశ్న రెండోసారి అడగాల్సి రాకుండా, చెప్పింది చెప్పినట్టు నోట్స్‌లో రాసుకో.

ఇంగ్లిష్ గురించి నీకున్నంత భయం అక్కర్లేదు. రోజూ పొద్దున స్టాండప్ అని పది పదిహేను నిమిషాల మీటింగ్ ఉంటుంది. అందులో నువ్వు చెప్పాల్సింది నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను, ఈ మూడే. మొదట్లో పేపర్ మీద రాసుకుని చూసి చదివినా ఎవరూ ఏమీ అనరు. "ఎక్కడ ఆగాను" అన్నది మాత్రం మింగెయ్యొద్దు. మీటింగ్ ఉన్నదే దాని కోసం. అక్కడ తెలుగువాళ్లు బోలెడుమంది ఉంటారు, ఎవరి ప్రాంతం ఏదో తెలిసిపోయాక మాటలు వాటంతట అవే సాగుతాయి. కానీ పక్కన వేరే భాషవాళ్లు ఉన్నప్పుడు పని మాటలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడు. వాళ్లను దూరం పెట్టినట్టు ఉండకూడదు, నీకూ నోరు తిరుగుతుంది.

కాలేజీలో మీ ప్రోగ్రామ్‌లు నాలుగైదు ఫైళ్లు. అక్కడ వేల ఫైళ్లు ఉంటాయి. మొదటి నుంచి చివరిదాకా చదవాలని కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. ఏదో ఒక బటన్ పట్టుకో. దాన్ని నొక్కితే ఏ ఫంక్షన్ నడుస్తుంది, అది ఏ సర్వర్‌ను అడుగుతుంది, ఆ సర్వర్ ఏ డేటాబేస్ టేబుల్‌లోంచి తెస్తుంది, ఆ ఒక్క దారి చివరిదాకా వెళ్లి కాగితం మీద గీసుకో. ఇట్లాంటివి నాలుగు గీసేసరికి ఇల్లు తెలిసినట్టు తెలుస్తుంది.

గిట్ ఇప్పట్నుంచే చేత్తో వాడుతూ ఉండు. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచి ఉంచే పనిముట్టు అది, 2005 నుంచి ఉంది, ఏ కంపెనీకి వెళ్లినా దాదాపు అదే. నువ్వు రాసిన మార్పును పుల్ రిక్వెస్ట్‌గా పెడితే ఇంకొకరు చదివి కామెంట్లు రాస్తారు. మార్పు చిన్నదిగా ఉంటే శ్రద్ధగా చదువుతారు. వెయ్యి లైన్లు ఒకేసారి పెడితే ఎవరూ చదవరు, రోజుల తరబడి అట్లాగే పడి ఉంటుంది. మొదటిసారి ఇరవై కామెంట్లు వస్తే బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడవొద్దు పాపా. సీనియర్ల కోడ్ మీద కూడా అన్నే వస్తాయి. వాళ్లు కోడ్‌ను అంటున్నారు, నిన్ను కాదు. అర్థం కాని కామెంట్ ఉంటే "ఎందుకు ఇట్లా మార్చమన్నారు" అని మర్యాదగా అడుగు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఒక ప్రోగ్రామ్ ఇంకో సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) కోడ్‌లో రాసి గిట్‌లోకి ఎక్కించొద్దు. తర్వాత తీసేసినా గిట్ పాత వెర్షన్లన్నీ దాచి ఉంచుతుంది, వెతికితే దొరుకుతాయి. ఎప్పుడైనా అట్లా జరిగితే దాచిపెట్టకుండా వెంటనే చెప్పు. ఆ కీ రద్దుచేసి కొత్తది తీసుకుంటారు, అంతటితో పోతుంది. దాస్తేనే ప్రమాదం. అట్లాగే కంపెనీ కోడ్‌ను బయటి చాట్‌బాట్‌లలో పేస్ట్ చేయొద్దు. ఏ టూల్స్ వాడొచ్చో మొదటి రోజే అడిగి తెలుసుకో. అనుమతి ఉన్న టూల్ రాసిచ్చిన కోడ్ అయినా, ప్రతి లైన్ ఎందుకుందో నువ్వు చెప్పగలిగితేనే పంపు.

కాలేజీవాళ్లు అడిగే లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాసుకో. ఆఖరి వారంలో కూర్చుని రాయబోతే ఏదీ గుర్తుండదు. రిపోర్ట్‌లో కంపెనీ లోపలి విషయాలు ఎంతవరకు రాయొచ్చో నీ మెంటర్‌ను అడుగు. నువ్వు సంతకం పెట్టే గోప్యత ఒప్పందం కాలేజీ రిపోర్ట్‌కూ వర్తిస్తుంది.

ఇంకో మాట, ఆడపిల్లవి కాబట్టి తెలిసి ఉండాలి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. అది శిక్షణలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది, జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా. పదిమంది, అంతకు మించి ఉన్న ప్రతి ఆఫీసులో దీనికోసం అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. కమిటీలో ఎవరెవరున్నారో ఆఫీసులో నోటీసు పెట్టి ఉంటారు, చేరిన వారంలో ఒకసారి చూసుకో. అవసరం రాకూడదనే నా కోరిక. వస్తే మాత్రం "ఇంటర్న్‌ని కదా, నా మాట ఎవరు వింటారు" అనుకుని ఊరుకోవద్దు, నాకు చెప్పు.

హాస్టల్ ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో చూసుకో. అద్దె కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. బెంగళూరు ట్రాఫిక్‌లో రోజూ రెండు పూటలా బస్సులో నలిగితే సాయంత్రానికి చదువుకునే ఓపిక మిగలదు.

నీ స్నేహితురాళ్లలో ఇంకా ఇంటర్న్‌షిప్ కోసం వెతుకుతున్నవాళ్లు ఉంటే, రిజిస్ట్రేషన్ ఫీజనీ ట్రైనింగ్ ఫీజనీ డబ్బు కట్టమనే చోటికి వెళ్లొద్దని చెప్పు. పని చేయించుకునేవాళ్లు ఎదురు డబ్బు అడగరు. సర్టిఫికెట్ కొనుక్కున్నది ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే బయటపడుతుంది.

ఉద్యోగం ఇస్తారా లేదా అని రోజూ లెక్కలు వేసుకోకు. అది నీ పని మీదే కాదు, ఆ ఏడాది వాళ్లకు ఎంతమంది కావాలన్న దాని మీద కూడా ఉంటుంది. సగం కాలం అయ్యాక మాత్రం మేనేజర్‌ను "నేను ఇంకా ఏం మెరుగుపరుచుకోవాలి" అని నేరుగా అడుగు. ఆఖర్న అడిగితే దిద్దుకునే టైం ఉండదు.

ఆఫర్ లెటర్ ఫోటో తీసి నాకు పంపు. అందులో స్టైపెండ్ ఎంత, ఎన్ని నెలలు, ఇన్నాళ్లు మానేయకూడదనే బాండ్ ఏమైనా ఉందా, ఈ మూడూ చూసి చెబుతా. అంతవరకు సంతకం పెట్టకు. తిరుపతి నుంచి నీ బస్సు చిత్తూరు మీదుగానే కదా వెళ్లేది, ఒక రోజు ముందు బయలుదేరి ఇక్కడ దిగు. నా పాత లాప్‌టాప్‌లో గిట్ పెట్టి ఉంచుతా, ఇద్దరం కూర్చుని ఒక పుల్ రిక్వెస్ట్ మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

మీ పెద్దమ్మ